ఒక చొక్కా, పదకొండు జీడాకులు

ముప్పై ఆరేళ్ల పోలీసు సర్వీసులో నేను పట్టుకున్న దొంగలు తక్కువ, కట్టిన మూటలు ఎక్కువ. స్టేషన్ రైటర్ ఉద్యోగమే అలాంటిది. రైటరంటే ఏదో రాసుకునేవాడని బయటివాళ్లు అనుకుంటారుగానీ, కేసులో దొరికిన ప్రతి వస్తువుకూ చీటీ కట్టి, లక్క సీలు వేసి, రిజిస్టరులో ఎక్కించి, కోర్టు అడిగిన రోజున తీసుకెళ్లి అప్పగించేవాడూ అతనే. కత్తులు, కర్రలు, సారా ప్యాకెట్లు, ఒంటి చెప్పులు, ఒకసారి పందేల్లో పట్టుబడ్డ కోడిపుంజు, అన్నిటికీ నేనే కాపలా. ఆ పుంజు నా చేతి మేత తిని నన్నే పొడిచేది.

కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో పెద్ద కేసు ఏదైనా చెప్పండి సార్ అంటారు. వాళ్లకు కావలసింది నేను గెలిపించిన కేసు. నేను చెప్పేదేమో నేను చెడగొట్టిన కేసు. మొహాలు కాస్త చిన్నబోతాయి, అయినా వింటారు. మీరూ వినండి.

ముందు నా పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. మా అమ్మ జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టి మమ్మల్ని పెంచింది. ఉద్యోగం రాకముందు నేను కూడా అదే కార్ఖానాలో నాలుగేళ్లు ప్యాకింగులో పనిచేశాను. పప్పుకు గాలి తగిలిందా, మెత్తబడిపోతుంది, పురుగు పడుతుంది. గాలంతా తీసేసి గట్టిగా మూసేస్తే ఏడాదైనా నిన్న కొట్టినట్టే ఉంటుంది. మా ఊళ్లో చిన్న కొట్టువాళ్లకు కూడా ఈ విద్య వచ్చు. మందపాటి ప్లాస్టిక్ కవరు అంచును రంపపు బ్లేడు మీదుగా మడిచి, కొవ్వొత్తి మంట పక్కనుంచి నెమ్మదిగా జరిపితే, కుట్టు కనిపించకుండా అతుక్కుపోతుంది. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఏ వస్తువైనా సరే గాలి తగలకుండా మూస్తే చెడదు అనేది నా మనసులో వేదవాక్కులాగా ఉండిపోయింది.

ఇక ఆ రోజు సంగతి. నేను అప్పుడు ఉద్దానం వైపు ఒక స్టేషన్లో పనిచేస్తున్నాను. జీడిపిక్కల కాలం. పూండి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక మత్స్యకారుల ఊరి నుంచి పొద్దున్నే కబురొచ్చింది. పిక్కలేరుకోవడానికి జీడితోటలోకి వెళ్లిన ఆడవాళ్లకు మనిషి శవం కనిపించిందని. ఇన్‌స్పెక్టర్ గారు, నేను, స్టేషన్లో కొత్తగా చేరిన మహిళా కానిస్టేబులు, ఇంకో ఇద్దరు వెళ్లాం.

చనిపోయినది ఆ ఊరివాడే. ముప్పై అయిదేళ్లుంటాయి. కడుపులోనూ మెడ మీదా కత్తిపోట్లు. పక్కనే కూర్చుని అతని భార్య ఏడుస్తోంది. చెట్ల కింద ఎండుటాకులు పరుచుకుని ఉన్నాయి. శవం చుట్టూ, అక్కడి నుంచి తారురోడ్డు వైపూ ఆకుల మీద నెత్తుటి చుక్కలున్నాయి. ఇన్‌స్పెక్టర్ గారు రోడ్డు వైపు కాసేపు చూసి, మళ్లీ ఊరి వైపు తిరిగారు. అటు, ఒడ్డు నుంచి తోట అంచున ఊళ్లోకి పోయే కాలిబాటలో కూడా చుక్కలు కనిపించాయి. అవి పట్టుకుని వెళ్తే ఒక తాటాకు ఇంటి గుమ్మం దగ్గర ఆగాయి.

ఆ ఇల్లు చనిపోయినతని బావమరిదిది. అంటే ఆ ఏడుస్తున్న ఆమె తమ్ముడిది. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, పెళ్లి కాలేదు. కుడి చేతికి గుడ్డ చుట్టుకుని ఇంట్లో కూర్చుని ఉన్నాడు. కంచె మీద నెత్తురూ ఉప్పునీళ్లూ కలిసి తడిసిన చొక్కా వేలాడుతోంది. ముందురోజు సాయంత్రమే వాడు వలలు ఆరేసే చోట ఊరందరి ముందూ బావతో గొడవ పెట్టుకుని, మా అక్క మీద ఇంకోసారి చెయ్యేస్తే చంపేస్తానన్నాడట. పదిమంది ఆ మాట మాకు చెప్పారు. వాణ్ణి అడిగితే, తెల్లవారుజామున ఒక్కడినే తెప్ప మీద వేటకు వెళ్లానని, చిక్కుపడ్డ తాడు కోస్తుంటే కత్తి జారి అరచెయ్యి తెగిందని, చొక్కా విప్పి చుట్టుకుని ఒడ్డు నుంచి నడిచొచ్చానని చెప్పాడు. ఒంటరిగా వెళ్లినవాడికి సాక్ష్యం ఎవరు? సముద్రాన్ని కోర్టుకు పిలవలేం కదా.

ఇన్‌స్పెక్టర్ గారు చెడ్డవారు కాదు. చురుకైన మనిషి, చేతినిండా కేసులు, పై నుంచి గంటగంటకూ ఫోన్లు. పొడిచేటప్పుడు కత్తి జారితే పొడిచినవాడి చెయ్యి కూడా తెగుతుందని ఆయన అన్నారు. అది నిజమే, చాలా కేసుల్లో చూశాం. కాకపోతే ఒక చిక్కుంది. శవం దగ్గరి చుక్కలకూ, కాలిబాటలోని చుక్కలకూ మధ్య అరవై అడుగుల మేర ఒట్టి ఇసక. అక్కడ ఒక్క చుక్క లేదు. నేను అది చూపించాను. ఇసక తాగేసి ఉంటుందిలే, గీత కలిపెయ్యి అన్నారు. నేను స్థలం పటం గీస్తూ శవం నుంచి గుమ్మం దాకా చుక్కల గీత కలిపేశాను. పెన్ను నాదే, చెయ్యి నాదే. ఎవరినీ అనడానికి లేదు.

తర్వాత చొక్కా. మధ్యవర్తులుగా పిలిచిన ఇద్దరు ఊరి పెద్దమనుషుల ముందు దాన్ని స్వాధీనం చేసుకున్నాం. పెద్ద కేసు, డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లాల్సిన వస్తువు, నా చేతిలో చెడిపోకూడదు అనుకున్నాను. స్టేషన్ నుంచి తెచ్చిన మందపాటి ప్లాస్టిక్ కవరులో ఆ తడి చొక్కా పెట్టి, చేత్తో ఒత్తి గాలంతా తీసేసి, ఊళ్లోని చిన్న కొట్టు నుంచి కొవ్వొత్తి తెప్పించి, బ్లేడు మీద అంచు మడిచి చక్కగా అతికించాను. ఆ కవరును మళ్లీ ఖాకీ కాగితం కవరులో పెట్టి, మధ్యవర్తుల చేత సంతకాలు చేయించి, నాలుగు మూలలా లక్క సీళ్లు వేశాను. పంచనామాలో 'కాగితపు కవరులో భద్రపరచడమైనది' అని రాశాను. పైకి కనిపించేది కాగితమే కాబట్టి అబద్ధం కాదు. లోపలున్నదేమో నా కాశీబుగ్గ తెలివి.

అదే సమయంలో మా మహిళా కానిస్టేబులు ఇంకో పని చేస్తోంది. ఆ అమ్మాయి కూడా ఒడ్డు ఊరి పిల్లే, మత్స్యకారుల ఇంట్లో పుట్టింది. నెత్తుటి చుక్కలున్న ఎండుటాకులు ఏరమని ఇన్‌స్పెక్టర్ గారు చెప్తే, పదకొండు ఆకులు ఏరింది. శవం వైపువి ఆరు, కాలిబాటవి అయిదు. ఊరి బడి వరండాలో నీడన పేపరు పరిచి, ఆకు ఆకుకూ మధ్య ఎడం ఉంచి, గాలికి ఎగరకుండా అంచున చిన్న రాళ్లు పెట్టి, పక్కనే కాపలా కూర్చుంది. మిగతావాళ్లం భోజనాలకు వెళ్లొచ్చినా తను లేవలేదు.

నాకు నవ్వొచ్చింది. "ఏటి పాపా, నెత్తళ్లు ఎండేస్తన్నావేటి?" అన్నాను. నెత్తళ్లంటే మా వైపు ఇసకలో ఎండబెట్టే సన్న చేపలు. పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు.

ఆ అమ్మాయి నవ్వలేదు, కోప్పడనూ లేదు. "సేపైనా నెత్తురైనా ఒకటే కదా రైటర్ గారూ. తడి ఉంటే కుళ్లిపోద్ది. ఆరితే ఉంటాది. మాయమ్మ ఇలగే సేత్తాది" అంది.

ఆకులు పూర్తిగా ఆరాక ఒక్కోదాన్ని ఒక్కో కాగితంలో పొట్లం కట్టి, ఏది ఎక్కడ దొరికిందో పైన రాసి, మధ్యవర్తుల సంతకాలు చేయించి నాకు అప్పగించింది. నేను అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో పెట్టి, సీలు వేసి, రిజిస్టరులో ఎక్కించాను. ఆ అమ్మాయికి శిక్షణలో కూడా అలాగే చెప్పారట, తడి గుడ్డ ప్లాస్టిక్‌లో పెట్టకూడదని. నాకూ ఎప్పుడో ఒక తరగతి పెట్టారు. భోజనం అయ్యాక పెట్టారు, నేను నిద్రపోయాను.

కోర్టు ద్వారా విశాఖ ల్యాబుకు సామాను పంపేటప్పుడు చొక్కా, నిందితుడి ఇంట్లో దొరికిన చేపల కత్తి, శవం దగ్గరి నెత్తుటి మట్టి, ఇద్దరి నెత్తురు నమూనాలు జాబితాలో రాశాం. ఆకుల పెట్టె వద్దన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. చొక్కా ఒక్కటి చాలు, ఎన్ని పంపితే రిపోర్టు అంత ఆలస్యం అన్నారు. పెట్టె మా సామాన్ల గదిలోనే ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత రిపోర్టు వచ్చింది. నా బల్ల మీదే విప్పాను. కత్తి ఉప్పునీళ్లకు కడుక్కుపోయినట్టుంది, దాని మీద మనిషి నెత్తురు ఏమీ లేదు. చొక్కా గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో తడిగా మూసి ఉన్నందువల్ల కుళ్లి, బూజు పట్టి, దుర్వాసన వస్తోందని, దాని మీద ఉన్నది మనిషి నెత్తురేగానీ ఎవరిదో తేల్చడం సాధ్యం కాలేదని రాశారు. రెండుసార్లు చదివాను. ఆ కుర్రాడు మొదటి రోజు నుంచీ ఒకటే మాట అంటున్నాడు, చొక్కా మీదున్నది నా నెత్తురే బాబూ, పరీక్ష చేయించండి అని. వాడు చెప్పింది నిజమైతే, వాణ్ణి బయటపడేసే ఒక్క వస్తువునూ నేను కొవ్వొత్తితో అతికించి మరీ కుళ్లబెట్టాను.

పరిగెత్తుకెళ్లి ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికేశారు. తర్వాత మెల్లగా అన్నారు, నీకు రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు, ఎందుకు ఈ గొడవ, పంచనామాలో కాగితపు కవరు అనే ఉంది కదా అని. అప్పటికే కోర్టులో వేసిన ఛార్జిషీటులో, సాక్ష్యం చెరిపేయడానికి నిందితుడు చొక్కాను నీళ్లలో నానబెట్టాడని రాసి ఉంది. చొక్కా పాడైపోవడానికీ అదే కారణమని ప్రాసిక్యూటరు గారు వాదిస్తారట. అంటే నా తప్పు వాడి నేరానికి రుజువైపోతుంది. నేను తల ఊపి బయటికొచ్చాను. తేలు కుట్టిన దొంగలాగా నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

ఆ కుర్రాడు సబ్‌జైల్లో ఉన్నాడు. జామీను పెట్టడానికి ముందుకొచ్చినవాళ్లు లేరు. ఊళ్లో సగం మంది బావ వైపు చుట్టాలే. వాడి అక్క మాత్రం పదిహేను రోజులకోసారి స్టేషన్‌కు వచ్చేది. మొదట్లో ఆమెను చూసి నేను రికార్డు గదిలోకి తప్పుకునేవాణ్ణి. ఒకరోజు గుమ్మంలోనే ఎదురుపడింది.

"బాబూ, మొగుడు పోనాడు. తమ్ముడినీ ఉంచేసుకుంటే నానేటైపోవాల?" అంది. ఏడవలేదు, మామూలుగానే అడిగింది. "ఆడు సేసుంటే నానే ఉరెయ్యమందును. ఆడు సెయ్యనేదు. ఆ సొక్కా పరీచ్చ ఏటైనాది బాబూ?"

రిపోర్టు కోర్టులో ఉందమ్మా అన్నాను. అది కూడా అబద్ధం కాదు. ఇలాంటి అబద్ధాలు కాని మాటలు ఆ ఏడాది చాలా ఆడాను.

విచారణ మొదలైంది. సెషన్స్ కోర్టు శ్రీకాకుళంలో. నా సాక్ష్యం రోజున పలాసలో పొద్దుటి బస్సు ఎక్కాను. కోర్టు కాగితాలు పట్టుకుని మా మహిళా కానిస్టేబులు కూడా వచ్చింది. అప్పటికి ఆమెకు కోర్టు డ్యూటీ వేశారు. బస్సు టెక్కలిలో కాసేపు ఆగితే దిగి టీ తీసుకున్నాం. టీ చల్లారిపోయినా నేను తాగకుండా గ్లాసు పట్టుకునే ఉంటే ఆ అమ్మాయి చూసింది. ఒంట్లో బాగులేదా అని అడిగింది. ఇన్ని నెలలు ఎవరికీ చెప్పని మాట, నేను నెత్తళ్లని ఎగతాళి చేసిన పిల్లకు, బస్టాండులో నిలబడి చెప్పేశాను. కొవ్వొత్తి దగ్గర్నుంచి అన్నీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి అంది: "ఆకులు మన గదిలోనే ఉన్నాయి రైటర్ గారూ. నానేరినవి. సీలు అలగే ఉంది, మొన్న ఎలకల మందు ఎట్టినప్పుడు సూసినాను. కానీ నా పేరు సాచ్చుల్లో నేదు. కోర్టులో నన్నెవురూ పిలవరు."

అంతే అంది. మీరు చెప్పండి అనలేదు. బస్సు ఎక్కాక కూడా ఆ విషయం ఎత్తలేదు. నిమ్మాడ దగ్గర కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. ఆమె ఏదైనా అంటే బాగుండును, ఎదురు వాదించి నన్ను నేను సమర్థించుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా లేకుండా పోయింది.

కోర్టు హాల్లో నిందితుల బోనులో ఆ కుర్రాడున్నాడు. గుర్తుపట్టలేకపోయాను. సముద్రపు ఎండకు కాలిన ఒళ్లు తెల్లగా పాలిపోయింది. తెగిన చెయ్యి సరిగ్గా అతకక రెండు వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. ప్రాసిక్యూటరు గారు నన్ను పది ప్రశ్నలు అడిగారు. చొక్కాను దేనిలో భద్రపరిచారు అన్నారు. కాగితపు కవరులో అన్నాను. స్వాధీనం చేసుకునేటప్పుడు తడిగా ఉందా? తడిగా ఉంది. అంతటితో ఆయన పని అయిపోయింది.

తర్వాత డిఫెన్సు లాయరు లేచాడు. ప్రభుత్వం తరఫున ఉచితంగా ఇచ్చిన లాయరు, కొత్తవాడు. టైము అడిగాడు, దూరం అడిగాడు, మధ్యవర్తులకు చదువొచ్చా అని అడిగాడు. నేను ఏ ప్రశ్న కోసం భయపడుతున్నానో, లోపల్లోపల ఏ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నానో, అది మాత్రం అడగలేదు. ల్యాబు రిపోర్టు రెండో పేజీ చదివినట్టు లేదు. కాగితాలు సర్దుకుని ఇంకేం లేవండి అని కూర్చున్నాడు.

జడ్జి గారు ఒక ఆవిడ. మీరు వెళ్లొచ్చు అన్నారు నాతో. నేను కదల్లేదు. ధైర్యమని అనుకోకండి. ఈ మెట్టు దిగితే ఇక జన్మలో ఈ మాట చెప్పే చోటు ఉండదని మాత్రం తెలుస్తోంది. జడ్జి గారు మళ్లీ నా వైపు చూశారు.

"అమ్మా, ఒక మాట చెప్పాలి" అన్నాను. "పైన కాగితం కవరేనండి. లోపల ప్లాస్టిక్ కవరు పెట్టి, తడి చొక్కాను గాలాడకుండా నేనే అతికించాను. అందుకే కుళ్లిపోయింది. ముద్దాయి నానబెట్టలేదండి. కంచె మీద ఆరేసి ఉంటే నేనే తీశాను."

ప్రాసిక్యూటరు గారు లేచి నిలబడ్డారు. జడ్జి గారు చేత్తో ఆపి, నెమ్మదిగా చెప్పమన్నారు. ఎలాగూ మునిగాను, ఇక చలేమిటని మిగతాదీ చెప్పేశాను. పటంలో గీత కలిపింది నేనేనని, అరవై అడుగుల ఇసకలో ఒక్క చుక్క కూడా లేదని, ఆ రెండు వైపులా ఏరిన ఆకులు పదకొండు ఆరబెట్టి సీలు వేసి స్టేషన్లోనే ఉన్నాయని, వాటిని ల్యాబుకు పంపలేదని చెప్పాను. టైపు చేసే అతను 'సాక్షి తనంతట తాను చెప్పినది' అని కొట్టి ఆగాడు. ఆ మాట ఒక్కటి ఇప్పటికీ నాకు గుర్తుంది. ముప్పై ఆరేళ్లలో నేను నా అంతట నేనుగా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

కోర్టు ఆ పెట్టె తెప్పించింది. సీళ్లు, సంతకాలు సరిచూసి, నేరుగా ల్యాబుకు పంపించింది. మా కానిస్టేబులు అమ్మాయిని పిలిచి సాక్ష్యం తీసుకున్నారు. ఆకులు ఎలా ఆరబెట్టావని అడిగితే, మా ఇంట్లో చేపలు ఆరబెట్టినట్టే అని చెప్పిందట. జడ్జి గారు నవ్వారని తర్వాత విన్నాను.

నాకు ఛార్జి మెమో వచ్చింది. రావాలి కదా. ఒక ఇంక్రిమెంటు కోశారు. స్టేషన్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని ఒకరు వెనక నుంచి అన్నారు, ఆ మాటకు నాకే నవ్వొచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారికీ మెమో వచ్చింది. ఆయన నన్ను నిలబెట్టి తిడతారని ఎదురుచూశాను. నా రిటైర్మెంటు రోజున దండ వేస్తూ, ఆ అరవై అడుగులు నాకూ నిద్ర పట్టనివ్వలేదయ్యా అన్నారు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపం ఆ పూటే పోయింది.

కానీ అవన్నీ పక్కన పెడితే, ఆ సాక్ష్యం చెప్పిన రోజు తిరుగు బస్సులో నేను పలాస వచ్చేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. నెలల తర్వాత పట్టిన నిద్ర. ఇంటికెళ్లి అన్నం పెట్టమంటే మా ఆవిడ, ఏటి ఇంత ఆకలి, కోర్టులో పెళ్లి భోజనం పెట్టలేదా అంది. అప్పుడు చెప్పాను ఆమెకు. విని, ఇంకో గరిటె అన్నం వేసింది.

రిపోర్టు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. కాలిబాటలో దొరికిన అయిదు ఆకుల మీదా ఉన్నది ఆ కుర్రాడి నెత్తురే, ఒడ్డు నుంచి ఇంటిదాకా. బావ నెత్తురు వాటిలో ఒక్కదాని మీద కూడా లేదు. శవం వైపు ఆరు ఆకుల్లో నాలుగింటి మీద చనిపోయినతని నెత్తురు. తారురోడ్డుకు దగ్గరగా దొరికిన రెండింటి మీద మూడో మనిషిది. కుర్రాడి నెత్తురు అటు వైపు చుక్క కూడా లేదు. రెండు వేరువేరు దారుల్ని కలిపి ఒక్క దారి చేసింది నా పెన్ను ఒక్కటే. ఆ మూడో మనిషెవరో తర్వాత వేరే అధికారులు తేల్చారు. ముందురోజు చనిపోయినతనితో కలిసి ఒకే బండి మీద పూండి నుంచి వచ్చినవాడు. ఆ కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి దాని గురించి నేను మాట్లాడకూడదు. మాట్లాడకూడని చోట నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చు.

పిల్లలూ, చెప్పొచ్చేదేమిటంటే, తప్పు అందరం చేస్తాం. మనకు బాగా వచ్చిన పనిలోనే పెద్ద తప్పు చేస్తాం, ఎందుకంటే అక్కడ ఎవరినీ అడగం. నేను కొవ్వొత్తి వెలిగించేటప్పుడు పక్కనున్న ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగుంటే, చెప్పి ఉండేది. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది, నిన్నగాక మొన్న చేరింది, చేపలామె కూతురు. అందుకే అడగలేదు. ఈ ముక్క మీ నోట్సులో రాసుకోండి.

తీర్పు రోజున కోర్టుకు వెళ్లాను. నాకు పని లేదు, పిలుపు లేదు, మామూలు బట్టల్లో వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ కుర్రాడి అక్క బయట వరండాలో గోడకు ఆనుకుని ఉంది. లోపలికి రమ్మంటే రానంది. చెవులతో వినలేను బాబూ అంది. జడ్జి గారు ఇంగ్లీషులో కొన్ని పేజీలు చదివారు. కుర్రాడు చేతులు కట్టుకుని ఆవిడ మొహమే చూస్తున్నాడు, ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. చివర్లో ఆవిడ కళ్లజోడు తీసి తెలుగులో, కేసు కొట్టేశాం బాబూ, జైలు కాగితాలు అయిపోయాయి, నువ్వు ఇంటికెళ్లొచ్చు అన్నారు.

కళ్లు తుడుచుకుని చూస్తే, వాడింకా బోనులోనే నిలబడి ఉన్నాడు. ఎస్కార్టు కానిస్టేబుళ్లు అప్పటికే వదిలేసి బయటికెళ్లారు. బోను తలుపు తెరిచే ఉంది. నేను లేచి దగ్గరికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఏడాదిన్నరగా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప అడుగు వెయ్యని మనిషి, ముడుచుకున్న వేళ్లున్న ఆ చెయ్యి అలవాటు కొద్దీ నా ముందుకు చాపాడు.

"నానొక్కడినే ఎల్లొచ్చునేటి బాబూ?" అని అడిగాడు.